పెద్దక్షరాల కాపీ

పోయిన వారం ఆమెని బోర్డు గది బయట బెంచీ మీద వదిలేశాం. ఒళ్లో లాప్‌టాప్, దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం. లోపల అయిదుగురు డైరెక్టర్ల మీటింగు.

కంపెనీ పని ఆస్పత్రులకి ఆక్సిజన్ నింపి పంపడం. నలభై రెండు ఆస్పత్రులు. ప్లాంటుని నడిపే కంప్యూటర్లలోకి దూరే దారి ఒకటి దొంగల బజారులో అమ్మకానికి వచ్చింది. ఇంటర్నెట్లో అలాంటి బజార్లున్నాయి. దారి కనిపెట్టేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు, కొని లోపల దూరి అన్నిటికీ తాళాలేసేవాడు ఇంకొకడు. నిన్న మధ్యాహ్నం ఆ సరుకు పక్కన ‘అమ్ముడైంది’ అన్న మాట పడింది. అలాంటి మాటల కోసం కాపలా కాయడమే ఆమె ఉద్యోగం. కంపెనీలో ఆమెకి గుడ్లగూబ అని పేరు. ఎప్పుడూ చెడ్డ కబురే తెస్తుందని పెట్టారు. ఆ కబుర్లలో ఒక్కటైనా అబద్ధమని మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

రెండుంబావుకి తలుపు తెరుచుకుంది. సెక్రటరీ బయటికి వచ్చాడు. బోర్డు కాగితాలన్నీ తయారుచేసేదీ పంపేదీ దాచేదీ ఆయనే. ముప్ఫై ఏళ్లుగా అదే పని, అదే బూడిదరంగు కోటు.

“ఫోను బుట్టలో వెయ్యమ్మా,” అన్నాడు.

తలుపు పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ బుట్ట. అందులో అప్పటికే అయిదు ఫోన్లున్నాయి. మీటింగులోకి ఫోన్లు తేకూడదన్న నియమం ఆమె పెట్టించిందే. రెండు నెలలు పోరితే ఒప్పుకున్నారు. ఆమె తన ఫోను కూడా వేసింది.

“నాకెంత టైముందండీ?”

“పావుగంట ఇచ్చారు. పది నిమిషాలు అయిపోయింది.”

“నేనింకా లోపలికే రాలేదు కదా!”

“ముందు అంశం సాగింది. పార్కింగ్ షెడ్డుకి ఏ రంగు రేకులు వెయ్యాలన్న దాని మీద.” గొంతు తగ్గించాడు. “నువ్వు రంగేం మార్చలేదు కదా?”

“లేదండి. పసుపే.”

అది నిజమే. బోర్డుకి వెళ్లే ప్రతి హెచ్చరికకీ ఒక రంగుండాలి. ఆకుపచ్చ అంటే బాగుంది. పసుపు అంటే చూస్తున్నాం. ఎరుపు అంటే ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యాలి. ఎరుపు పెడితే ఛైర్మన్ తన చేత్తో కారణం రాసి సంతకం పెట్టాలని కంపెనీ పుట్టినప్పటి నియమం. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని మొదట ఒకరు ఎరుపుని పసుపు చేశారు. తర్వాత అందరూ చేశారు. చివరికి సెక్రటరీ తయారుచేసి ఇచ్చే నమూనాలో ఎర్రరంగే లేకుండా పోయింది. ఎనిమిదేళ్లుగా ఆ కంపెనీలో ఎర్రటి సంగతి ఒక్కటీ జరగలేదు, కాగితం మీద.

ఆమె లోపలికి వెళ్లింది.

పొడుగాటి బల్ల. అటు చివర ఛైర్మన్. డెబ్భై ఎనిమిదేళ్లు. కుర్రతనంలో వెల్డర్. కుడిచేతి మణికట్టు మీద పాత కాలిన మచ్చ, అరచేయంత. కంపెనీలో మొదటి సిలిండరు ఆ చేత్తోనే నింపాడు. ఆయన కుడిపక్కన ఎండీ, ఆయన తమ్ముడి కొడుకు. ఎడమపక్కన ఒక పెద్దాస్పత్రి నడిపి రిటైరైన డాక్టరమ్మ. ఆవిడ పక్కన వకీలు. అయిదో డైరెక్టరు ఎప్పుడూ స్వయంగా రాడు. లైన్లో వస్తాడు. బల్ల మధ్యలో పళ్లెమంత నల్లటి స్పీకరు ఉంటుంది, దాని మీద ఆకుపచ్చ దీపం వెలిగితే ఆయన ఉన్నట్టు. మీటింగు మొదట్లో ‘ఉన్నాను’ అంటాడు, చివర్లో ‘సరే’ అంటాడు. పొదుపాయన అని వకీలు పెట్టిన పేరు నిలిచిపోయింది. దీపం వెలుగుతోంది.

అందరి ముందూ ఒకేలాంటి కాగితాల పుస్తకాలు, నీలం రిబ్బనుతో కట్టి. నాలుగింటిలో మూడు విప్పి ఉన్నాయి. ఛైర్మన్‌ది కట్టింది కట్టినట్టే ఉంది. ఆమె అది చూసింది. చూసి పట్టించుకోలేదు. ఆమె చేసిన తప్పుల్లో అది మొదటిది.

“కానివ్వండి. ఒక్క స్లైడే కదా,” అన్నాడు ఎండీ.

గోడ మీద పసుపు పడింది. ఎండీయే పైకి చదివేశాడు. “‘బయటి ముప్పు, మధ్యస్థం. పర్యవేక్షణ కొనసాగుతోంది.’ బాగుంది. గమనించాం. సెక్రటరీ గారూ, తర్వాతది?”

ఆమె లాప్‌టాప్ మూసేసింది. గోడ తెల్లబోయింది.

“సార్, ఏడు మీటింగుల నుంచి ఇదే స్లైడు. ఏడుసార్లూ గమనించారు. ఇవాళ్టికి గమనించకండి. వినండి.”

సెక్రటరీ పెన్ను ఆగింది. ఎండీ కుర్చీ వెనక్కి జరిపాడు.

“మీకిచ్చిన పని స్లైడు చూపించడం.”

“నాకిచ్చిన పని కాపలా, సార్. చూపించడం కాదు.”

“మాటకి మాట బాగా అప్పజెబుతున్నారు. ఇక్కడెవరు ఎవరితో మాట్లాడుతున్నారో...”

“ఏమంటోందిరా అమ్మాయి?” అన్నాడు ఛైర్మన్. గట్టిగా కాదు. కానీ ఎండీ ఆగిపోయాడు.

ఆమె బల్ల చుట్టూ తిరిగి ఛైర్మన్ పక్కకి వెళ్లి నిలబడింది. రాత్రంతా కూర్చుని సిద్ధం చేసుకున్న మాటలు పనికిరావని ఆ నాలుగడుగుల్లో అర్థమైంది. ఆయనకి సర్వర్లు తెలియవు. ఆయనకి తెలిసిందేమిటి?

“సార్, ఆక్సిజన్ లీకైతే వాసనొస్తుందా?”

“పిచ్చి ప్రశ్న. దానికి వాసనేంటి? రంగేంటి?”

“మరి మీరెలా పట్టుకునేవారు?”

“సబ్బునీళ్లు.” ఆయన చెయ్యి తనంతట తానే లేచింది, గాల్లో బ్రష్షు పట్టుకున్నట్టు. “ప్రతి జాయింటు మీదా రాసుకుంటూ పోవడమే. ఎక్కడ బుడగొస్తే అక్కడ లీకు.”

“నేనూ అదే చేశాను సార్. బుడగొచ్చింది.”

ఆయన తల తిప్పి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. కళ్ల మీద సన్నటి పొర.

“చెప్పు,” అన్నాడు.

చెప్పింది. బజారు, సరుకు, అమ్ముడైన మాట. ఇంతకు ముందు ఇలా దారి అమ్ముడైన కంపెనీలు తను చూసినవి పదకొండు. ఎనిమిదింటి మీద మూడు నాలుగు రోజుల్లో దెబ్బ పడింది. నిన్న మధ్యాహ్నం నుంచి లెక్కేసుకుంటే ఒక రోజు అయిపోయింది.

“అంటే కచ్చితంగా పడుతుందనేనా?” అన్నాడు ఎండీ.

“కచ్చితంగా అని చెప్పలేను. పదిలో ఏడు.”

“అంటే పదిలో మూడు ఏమీ జరగదు. వకీలు గారూ, రాసుకోండి. ఏమీ జరగకపోవచ్చని ఆవిడే చెబుతోంది.”

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. “బాబూ, ఆపరేషన్ చెయ్యకపోతే పదిలో ఏడు పోతాడని చెబితే పేషెంటు తాలూకు వాళ్లు ఏం చేస్తారో తెలుసా? మిగతా మూడూ లెక్కపెట్టరు. సంతకం పెడతారు.” ఆమె వైపు తిరిగింది. “ప్లాంటు ఆగితే ఎంతసేపు, అమ్మా?”

“ఇలాంటి వాటిలో తేరుకోవడానికి తొమ్మిది రోజుల నుంచి మూడు వారాలు.”

“నేను పనిచేసిన ఆస్పత్రి ట్యాంకు రోజున్నర వస్తుంది.” డాక్టరమ్మ ఇది అందరికీ చెప్పింది, ఒక్కొక్కరినీ చూస్తూ. “చిన్న ఆస్పత్రులకి ట్యాంకులుండవు. సిలిండర్లు. ఆరు గంటలు. నెలలు నిండని పిల్లల వార్డుంటే ఇంకా తక్కువ.”

“ఏం చెయ్యమంటావ్?” అన్నాడు ఛైర్మన్.

“ప్లాంటుకీ బయటికీ మధ్య ఉన్న కనెక్షన్లన్నీ తీసేయాలి సార్. మూడు రోజులు. వాల్వులు చేత్తో తిప్పి నింపాలి, ట్యాంకర్ల చిట్టా కాగితం మీద రాసుకోవాలి. పాతవాళ్లకి ఆ పని వచ్చు. ఈలోపు నేను లోపల ఎక్కడెక్కడ తలుపులు తెరిచి ఉన్నాయో వెతికి మూస్తాను. ఇవాళ నాలుగింటికి షిఫ్టు మారుతుంది. రెండు షిఫ్టుల వాళ్లూ లోపలుండే పావుగంట అదే. ఆ పావుగంటలో తీసేస్తే చాలినంత మంది ఉంటారు. నాలుగుకి ముందు తీస్తే చేతులు చాలవు. రేపటికి వాయిదా వేస్తే ఏమవుతుందో నాకు తెలియదు.”

“సోమవారం ఆస్పత్రుల సంఘం వాళ్లు వస్తున్నారు,” అన్నాడు ఎండీ. “ప్రతి ట్యాంకులో ఎంతుందో ఇక్కడి తెర మీద కనపడుతుందని మనం గొప్పగా చెప్పుకుంటున్నాం. వచ్చేసరికి తెర మీద ఏముంటుంది? చీకటి. కాంట్రాక్టు అప్పుడే ఇంకొకడికి పోతుంది. పెదనాన్నా, మీరే చెప్పండి. ఎవడో దొంగ ఎక్కడో రాసిన రెండు ముక్కలకి... అందులో మన పేరు కూడా లేదట.”

“లేదు సార్. ‘ఆస్పత్రుల గ్యాసు, అయిదుగురి బోర్డు’ అని ఉంది.”

“అలాంటివి వందుంటాయి.”

“అందుకే నమూనా అడిగాను.”

“ఎవర్ని?”

“అమ్మేవాణ్ణి. కొనేదాన్లా వేషం వేసి. దొంగయినా సరుకు చూపించాలి కదండీ.”

ఆమె నాలుగు మడతల కాగితం విప్పి బల్ల మీద పరిచింది. నిన్న పొద్దున చేతికొచ్చింది. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. అది అయిదుగురిలో ఎవరి దగ్గర్నుంచి కారిందో ఆమెకి తెలియదు. ఎవరో ఒక్కరికి చెబితే ఆ ఒక్కరే కావచ్చు. అందరూ ఒకే గదిలో ఉన్నప్పుడే విప్పాలనుకుంది.

కంపెనీ ముద్ర. ఇవాళ్టి తేదీ. కింద ఇవాళ్టి మీటింగు అంశాలు.

ఎండీ చదివాడు. మళ్లీ చదివాడు. చెవుల దగ్గర ఎర్రబడింది. ఎనిమిదేళ్లలో ఆ గదిలో కనిపించిన మొదటి ఎరుపు అదే.

“ఇది... ఇవాళ్టిదే.”

“దీని కింద వాడొక మాట రాశాడు సార్. ‘వీళ్ల కాగితాలు వీళ్లకంటే ముందు మేం చదువుతాం’ అని.”

వకీలు ఇంతవరకూ నోరు విప్పలేదు. ఆయన ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని తన పుస్తకం మొదటి పేజీ పక్కన పెట్టాడు. వేలితో లైన్లు లెక్కపెట్టాడు.

“నా దాన్లో మొదటి పేజీలో పదకొండు అంశాలున్నాయి. ఇందులో నాలుగే పట్టాయి,” అన్నాడు. “అక్షరాలు పెద్దవి.”

ఆమెకి ఆ మాట అర్థం కాలేదు. బోర్డు కాగితాలు ఎలా ఉంటాయో ఆమె ఎప్పుడూ చూడలేదు, అన్నీ ఇలాగే ఉంటాయనుకుంది. మిగతా అందరికీ అర్థమైంది. ఒక్కసారిగా అందరూ బల్ల చెక్కని చూడ్డం మొదలుపెట్టారు. బాగా పాలిష్ చేసిన చెక్క.

“అది నా కాపీ,” అన్నాడు ఛైర్మన్.

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. ఎవరూ లేవమనలేదు.

“నాకు చూపు తగ్గిన దగ్గర్నుంచి పెద్దక్షరాల కాపీ ఒకటి వేరే తయారవుతుంది,” ఛైర్మన్ ఆమెకి చెప్పాడు, ఓపిగ్గా. తర్వాత ఓపిక పోయింది. “ఒరేయ్, దాన్ని ఎవరికి పంపిస్తున్నావు?”

“అమ్మగారికండి.”

“ఏ అమ్మగారికి?”

“మన అమ్మగారికేనండి. అమ్మగారి మెయిల్‌కి. ఎప్పుడూ పంపినట్టే.”

అమ్మగారు ఛైర్మన్ భార్య. పోయి పద్నాలుగు నెలలైంది.

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అడుగుదామనుకున్నానండి, ఇక మీదట ఎవరికి పంపమంటారని.” సెక్రటరీ మాటలు పొడిగా వస్తున్నాయి. “నెల పోనిద్దాం అనుకున్నాను. నెల పోయింది. పై మీటింగుకి అడుగుదామనుకున్నాను. మీ మొహం చూసి మళ్లీ అడగలేకపోయాను. పంపడం మానేద్దామంటే... చెయ్యి రాలేదండి. ఆవిడ పేరు కొట్టెయ్యాలి కదా జాబితాలోంచి.”

మంచివాడే. మంచివాళ్లు చేసిపెట్టే నష్టానికి తిట్టడానికి కూడా ఎవరూ దొరకరు.

ఎండీ మెల్లగా అన్నాడు. “మరి పెదనాన్నా, ఇన్నాళ్లూ మీరేం చదివి...” అని, సగంలో ఆపేశాడు. ఆపి ఉపయోగం లేదు. నీలం రిబ్బను అందరికీ కనపడుతోంది.

“చదవలేదు,” అన్నాడు ఛైర్మన్.

పుస్తకం మీద అరచెయ్యి పెట్టాడు.

“ఆవిడ చదివి వినిపించేది. మీటింగుకి ముందు రోజు, వరండాలో. ఎక్కడ ఆగి తిడితే అది ముఖ్యమని నాకు తెలిసేది. ‘ఈ ముక్క రాసినవాడికి బుద్ధుందా, ఇంకోసారి అడగండి’ అనేది. నేనిక్కడికొచ్చి అడిగేవాణ్ణి. మీరంతా పెద్దాయనకి ఎంత జ్ఞాపకం, ఎంత పట్టు అనేవాళ్లు.” ఆయన రిబ్బను కొస పట్టుకుని వదిలేశాడు. “ఇప్పుడు తిట్టేవాళ్లెవరున్నారు? మీరు గమనించామంటే నేనూ గమనించాను.”

ఇంకొకరి చేత చదివించుకోవచ్చు. అడగడానికి నామోషీ. అయిదు మీటింగులు ఆ నామోషీ మీదే నడిచాయి. ఇంట్లో మనిషి పోతే ఇంట్లో ఎలా ఉన్నా ఎవరూ అడగరు. నలభై రెండు ఆస్పత్రుల మీద సంతకం పెట్టే చేతికి ఆ వెసులుబాటు లేదు. ఆయనకీ అది తెలుసు. అందుకే ఆమె వంక చూడలేకపోయాడు.

“ఆ మెయిల్‌ని ఎవరు చూస్తుంటారమ్మా?” అన్నాడు వకీలు.

“ఎవరూ చూడరు. పాస్‌వర్డ్ పాతదే అయ్యుంటుంది. ఎవరూ వాడని తలుపు, ఎవరూ మార్చని తాళం. దొంగకి అంతకంటే ఏం కావాలి? నా కాపలా జాబితాలో ఉద్యోగుల పేర్లున్నాయి, డైరెక్టర్ల పేర్లున్నాయి. ఆవిడ పేరు లేదు. అది నా తప్పు.”

“నీ తప్పెలా అవుతుంది?” అన్నాడు ఛైర్మన్.

“ఇంట్లోవాళ్లతో కంపెనీకేం పని అనుకున్నాను, సార్. మీ కంపెనీలో ఇల్లెక్కడ అయిపోతుందో, ఆఫీసెక్కడ మొదలవుతుందో అడగాల్సింది.”

ఎండీ నీళ్ల గ్లాసు తీసుకుని తాగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ ఎండీ అయ్యాడు.

“సరే. కాగితం కారింది. ఒప్పుకుంటున్నాను. ఆ మెయిల్ మూసేద్దాం, ఈ నిమిషమే. కానీ కాగితాలు చదివినంత మాత్రాన ప్లాంటు చేతికొచ్చినట్టు కాదు. సోమవారం దాకా ఆగుదాం.”

“ఇక్కడ నాలుగో అంశమే ప్లాంటు మరమ్మతుల చిట్టా సార్. ఏ కంప్యూటరు పాతదో, దేన్ని మార్చడానికి మీరు ఏడుసార్లు వాయిదా వేశారో, అన్నీ వరసగా రాసి ఉంటాయి. పెద్దక్షరాల్లో.”

వకీలు అణుచుకోలేక ఒక్కసారి నవ్వాడు. వెంటనే దగ్గాడు.

“ఓటు పెట్టండి,” అంది డాక్టరమ్మ. “నాలుగింటికి కనెక్షన్లు తీసెయ్యాలి. నేను ఒప్పుకుంటున్నాను.”

“నేనూ,” అన్నాడు వకీలు.

“నేను ఒప్పుకోను,” అన్నాడు ఎండీ. “నాకు ద్వేషమేం లేదు. రేపు ఏమీ జరగకపోతే నష్టానికి జవాబు చెప్పేది నేను, గుడ్లగూబ కాదు.”

మొహం మీద ఆ పేరు ఎవరూ అంతవరకూ అనలేదు. ఆమె కదలలేదు.

సెక్రటరీ స్పీకరు వైపు వంగాడు. “లైన్లో ఉన్న సార్... మీ అభిప్రాయం?”

గరగరమని చప్పుడు. దూరంగా ఏదో గాలి.

“వద్దు,” అంది స్పీకరు.

“ఆ మాటకి పొదుపు అడ్డం రాలేదు,” అని గొణిగాడు వకీలు.

ఇద్దరు, ఇద్దరు. ఇక మిగిలింది ఛైర్మన్. అందరూ అటు చూశారు. ఎండీ ఆయన మోచేతి మీద చెయ్యి వేశాడు, చాలా మెత్తగా. “పెదనాన్నా. మీరు అలిసిపోయారు. సోమవారం చూద్దాం. నేను చూసుకుంటాను కదా.”

ఛైర్మన్ ఆ చేతిని చూశాడు. నునుపైన చెయ్యి. ఎక్కడా మచ్చ లేదు.

“ఒకసారి ఇలాగే, సోమవారం చూద్దామన్నారు,” అన్నాడు. “షెడ్డులో మూడో నంబరు జాయింటు. బుడగొచ్చింది. చిన్న బుడగ. మా మేస్త్రీ సోమవారం చూద్దామన్నాడు. ఆదివారం నిప్పురవ్వ పడింది.” ఆయన మణికట్టు బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. “నాకు ఇది మిగిలింది. మేస్త్రీకి ఏమీ మిగల్లేదు. ఒరేయ్, చెయ్యి తియ్యి.”

ఎండీ తీశాడు.

“మినిట్స్ పుస్తకం ఇలా తే. ఎరుపని రాయి. కారణం నేను రాస్తాను.”

సెక్రటరీ పుస్తకం తెచ్చి పెట్టాడు. లైను ఎక్కడుందో వేలు పెట్టి చూపించబోయాడు. అక్కర్లేదన్నట్టు ఛైర్మన్ తల ఊపాడు. లైన్లు పట్టించుకోకుండా, పేజీ అంతా పట్టేలా, బడిపిల్లాడి అక్షరాలతో రాశాడు.

‘సబ్బునీళ్లు రాశాం. బుడగ వచ్చింది.’

కింద సంతకం.

రెండూ యాభై రెండు. ఏడు మీటింగులు. ఆమె కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ ఆమెకి మంచినీళ్లు జరిపింది.

తలుపు మీద ఎవరో కొట్టారు.

జవాబు కోసం ఆగకుండా తోసుకుని ఒక మనిషి వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, చేతిలో గొడుగు. గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. చంకలో నీలం రిబ్బను పుస్తకం.

“మన్నించాలి. వంతెన మీద లారీ అడ్డంగా పడింది. గంట నుంచి లైన్లో చేరదామని చూస్తున్నాను, మీ మిషను రానివ్వదు. ఈ నంబరుతో ఇప్పటికే ఒకరు చేరారు అంటుంది. నేను ఇక్కడుంటే లోపల ఎవరయ్యా అంటే వినదు. ఇలా కాదని కారు తీసుకుని వచ్చేశాను.”

ఆమె అతణ్ణి ఎప్పుడూ చూడలేదు. కానీ సెక్రటరీ మొహం చూసింది. వకీలు మొహం చూసింది. ఇంత పొడుగు మాట ఈ మనిషి నోట వాళ్లెవరూ ఇంతవరకూ విని ఉండరని ఆ మొహాలు చెబుతున్నాయి.

“పొదుపాయనా...” అన్నాడు వకీలు. ఆ పేరు ఆయన ముందు అనకూడదన్న సంగతి కూడా మర్చిపోయాడు.

అందరి తలలూ ఒక్కొక్కటిగా బల్ల మధ్యకి తిరిగాయి.

ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

ఆమె కాగితం వైపు చూసింది. నిన్నటి నుంచి ఇరవైసార్లు చదివిన కాగితం. అంశాలకి పైన, తేదీ పక్కన, లైన్లో చేరడానికి నంబరూ దాని సంకేతమూ. గుడ్డివాడు కూడా చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో. ఫోన్లన్నీ ఏరి బుట్టలో వేయించింది. ఫోను లాంటిదాన్నే బల్ల మధ్యలో పెట్టుకుని, దాని ముందు నిలబడి, నాలుగింటికి తీస్తామని చెప్పింది. నాలుగుకి ముందయితే చేతులు చాలవని కూడా చెప్పింది.

స్పీకరు తీగ కోసం బల్ల కిందకి వంగింది. చేతికి అందలేదు. ఇంకా వంగింది.

“అమ్మాయ్,” అంది స్పీకరు.

గరగర లేదు. గాలి చప్పుడు లేదు. పక్క గదిలోంచి పిలిచినంత స్పష్టంగా, మన మధ్య తిరిగే ఏ మనిషి గొంతైనా కావచ్చు అన్నంత మామూలుగా ఉంది.

“పసుపురంగే ఉంచాల్సింది.”

దీపం ఆరిపోయింది.

ఎవరూ కూర్చోలేదు. గొడుగు నీళ్లు నేల మీద చుక్క చుక్కగా పడుతున్నాయి. గడియారంలో మూడు కావడానికి అయిదు నిమిషాలు తక్కువ. నాలుగు కావడానికి గంటా అయిదు నిమిషాలు.

తలుపు బయట, బుట్టలో, ఒక ఫోను మోగింది.

అది ఆగకుండానే రెండోది. తర్వాత అన్నీ.